సగం నుదురు బేరం

సోమవారం పొద్దున దశరథం వేసుకున్న పథకం చిన్నది. టీ తాగాలి, మోపెడ్ మీద వనపర్తి పోవాలి, నుదుటికి సూది వేయించుకోవాలి, జొన్నరొట్టె వేళకు వీపనగండ్ల చేరాలి. భార్య ఇందిరమ్మకు మాత్రం మోపెడ్ బ్రేకులు బాగు చేయించుకొస్తానని చెప్పాడు.

దశరథం పెబ్బేరు సంతలో ఎద్దుల దళారి. అక్కడ ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పుతారు, కింద వేళ్ళు పట్టుకుని ఎన్ని వేలో చెప్పుకుంటారు. చేతులు కనపడవు కాబట్టి చుట్టూ ఉన్నవాళ్ళు ముఖాలు చూస్తారు. దశరథం ఖర్మ అక్కడే ఉంది. ఎద్దు నచ్చిందంటే ఆయన కనుబొమ్మలు రెండూ కప్పల్లా ఎగురుతాయి. అవి ఎగిరితే అమ్మేవాడు ఐదువేలు పెంచేస్తాడు. సంత ఈ గుట్టు కనిపెట్టాక, రెండు నెలలుగా ఆయన కొనిచ్చిన ప్రతి జతా ఎక్కువ ధరకే పోయింది. గిరాకీ తగ్గింది. చివరికి బల్మూరులో ఉండే బావమరిది భీమయ్య కూడా ఫోనులో చెప్పేశాడు.

"బావా, ఈ శనివారం లచ్చ లోపట జత ఇప్పియ్యకుంటే నేను వేరేటోన్ని చూసుకుంట. తర్వాత నన్ను అనొద్దు."

సొంత బావమరిది వదిలేస్తే సంతలో ఇంకెవడు నిలబడతాడు? అప్పుడే వనపర్తిలో కొత్తగా పెట్టిన చర్మం క్లినిక్ బోర్డు గుర్తుకొచ్చింది. "ముడతలకు ఇంజెక్షన్. యూనిట్ 300 మాత్రమే." ఆ సూది వేస్తే నుదురు కదలదని ఎవరో చెప్పారు. కదలని నుదురు మూడు వందలకు వస్తే దళారికి అంతకంటే ఏం కావాలి? పశువుల డాక్టరు ఎద్దుకు ఒక సూది వేస్తాడు, ఒక ధర తీసుకుంటాడు. మనిషికైనా అంతేగా అనుకున్నాడు.

క్లినిక్‌లో కూర్చోబెట్టి ముందు ఐదు వందలు తీసుకున్నారు. అది చూసినందుకట. మొత్తం ఎంతో మేనేజరు సంతోష్ చెప్తాడని డాక్టరు శ్వేత అనుకుంది. డాక్టరమ్మ చెప్తుందని సంతోష్ అనుకున్నాడు. దశరథం అడగలేదు. సంతలో ముందు ధర అడిగినవాడు ఓడినట్టే మరి. ముగ్గురూ ముగ్గురే. మధ్యలో నుదురు నలిగింది.

డాక్టరు కుడివైపు మొదలుపెట్టింది. చీమ కుట్టినట్టు ఒకటి, రెండు, మూడు. కుడి సగం అయ్యాక నర్సు రెబెకా చీటీ చూసి చెప్పింది.

"మేడమ్, పదిహేను యూనిట్లు అయినయి."

దశరథం కళ్ళు తెరిచాడు. "పదిహేను ఏంది?"

"యూనిట్లు పెద్దాయనా. ఇంకో పదిహేను ఎడమ దిక్కు."

"ఒక్కోటి మూడు వందలా?"

"అవును."

ముప్పై సార్లు మూడు వందలంటే ఎంతో ఎద్దుల దళారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తొమ్మిది వేలు! కుర్చీలోంచి లేచి తువ్వాల దులిపాడు.

"ఆపుండ్రి! సగంల లేస్త!"

"సగం చేస్తే మొహం వంకర కనిపిస్తుందండీ. పని చేయడం మొదలయ్యేది మూడు నాలుగు రోజులకు, అప్పుడు తెలుస్తుంది," అని డాక్టరు మొత్తుకుంది. ఆయన వినలేదు. కౌంటరు దగ్గర సంతోష్ నాలుగువేల ఐదు వందలు అన్నాడు. దశరథం అలవాటు చొప్పున వాడి చేతి మీద తువ్వాల కప్పి ఒక వేలు గట్టిగా పట్టుకున్నాడు. ఒక వేలంటే వెయ్యి.

"ఏంది సార్ ఇది, నొస్తుంది! సరే సార్, సరే, వదలండి!"

"సరే అన్నవు గదా. ఖాయం!" అని వెయ్యి చేతిలో పెట్టి బయటపడ్డాడు.

శుక్రవారం పొద్దున ఇందిరమ్మ టీ ఇస్తూ శుభవార్త చెప్పింది. "ఎర్రకోడి పన్నెండు పిల్లల్ని లేపిందయ్యా!"

దశరథం సంతోషించాడు. ఎడమ కనుబొమ్మ నెత్తి దాకా ఎగిరింది. కుడిది చచ్చిన పాములా పడుంది. ఇందిరమ్మ చేతిలో గ్లాసు జారింది.

"ఓరి దేవుడా! పక్షవాతం!"

"పక్షవాతం లేదు, ఏం లేదు. జర ఊకో."

"మరి మొహం సగం చచ్చెనెందుకు?"

నిజం చెప్తే బ్రేకుల అబద్ధం బయటపడుతుంది. అందుకే, "చలిగాలి తగిలిందేమో," అన్నాడు. ఆ ముక్కతో వాత రోగం రూఢి అయిపోయింది. ఇందిరమ్మ బల్మూరుకు ఫోను చేసింది. మధ్యాహ్నానికి భీమయ్య తొమ్మిది మందితో ట్రాలీ ఆటోలో దిగాడు. ఒక సీసాలో నల్లమల తైలం తెచ్చాడు. గంపలో బతికున్న పావురం తెచ్చాడు. పావురం రక్తం రుద్దితే పక్షవాతం పోతుందని వాళ్ళ ఊళ్ళో నమ్మకం. గంప మూత తీయగానే పావురం దశరథం నెత్తి మీదుగా ఎగిరి దూలమెక్కి కూర్చుంది. ఆయన ఎడమ కనుబొమ్మ మళ్ళీ లేచింది. కుడిది లేవలేదు. ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు.

"ఆగితే పానం మీదికొస్తది. దవాఖానకు పట్టండ్రి!" అని భీమయ్య బావను ఎత్తి ఆటోలో వేశాడు.

వనపర్తి చొచ్చాక భీమయ్య ఒక్కసారి కేక పెట్టి ఆటో ఆపించాడు. ఎదురుగా పెద్ద బోర్డు. దాని మీద ఒక మొగాయన మొహం, సగం ముడతలు, సగం నున్నగా.

"గిదే! బావకొచ్చిన బీమారే గిది! బోర్డు మీదనే ఏసిండ్రు!"

"అది గాదు భీమయ్యా, వేరే దవాఖానకు పోదాం," అని దశరథం బతిమాలాడు. రోగి మాట ఎవడు వింటాడు? పదిమందీ చుట్టుముట్టి లోపలికి తోశారు.

కౌంటరులో సంతోష్ తలెత్తాడు. సగం మొహంతో దశరథం. వెనకాల చేతిలో సీసా పట్టుకున్న భీమయ్య, ఆయన వెనక ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో మంద. వాడు రెండు చేతులూ జోడించాడు.

"సార్, కొట్లాట వద్దు! మిగతా సగం ఫ్రీగా ఏస్తం!"

ఏడుపులు టక్కున ఆగాయి. ఇందిరమ్మ మొగుడి వైపు తిరిగింది.

"మిగతా సగమా? అయితే ఈ సగం నువ్వు ఏయించుకున్నదా?"

"బ్రేకులు..." అన్నాడు దశరథం.

"నీ మొహానికి బ్రేకులు ఏయించుకొచ్చినవా!"

భీమయ్య ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. తైలం సీసా నేల మీద పెట్టుకుని మరీ నవ్వారు. ఇందిరమ్మ మాత్రం నవ్వలేదు. కౌంటరు మీద చెయ్యి వేసి వీధికి వినపడేట్టు అడిగింది.

"మొత్తం ఎంత? ఒక నుదురుకు ఎన్ని యూనిట్లు? ఎన్ని నెలలుంటది? చూసినందుకు వేరెగ ఎంత?"

డాక్టరు బయటికొచ్చి తల వంచుకుని చెప్పింది. "దాదాపు ముప్పై యూనిట్లమ్మా. తొమ్మిది వేలు. చూసినందుకు ఐదు వందలు వేరే. మూడు నాలుగు నెలలు ఉంటుంది. తర్వాత మళ్ళీ చేయించుకోవాలి."

"గింత కథ ఉన్నంక బోర్డు మీద ఒక్క మూడు వందలే రాస్తిరి? కిలో ధర రాసి బస్తా అంటగట్టుడు గాదా ఇది? ఫ్రీ మాకొద్దు. చేసిన పనికి పైసలిస్తం. ముందుగాల ఆ బోర్డు మీద లెక్కంతా రాయుండ్రి, మిగిలిన మూడున్నర వేలు నా చేత్తోటి ఇస్త. అందాక గిడ్నే కూసుంటం."

పదకొండు మంది నేల మీద కూర్చున్నారు. దశరథం కూడా కూర్చున్నాడు, ఎటువైపో తెలియక. గంటలో పెయింటరు వచ్చాడు. ఇందిరమ్మ ఒక్కో అక్షరం చదివించుకుని పైసలు కట్టింది.

శనివారం సంత. భీమయ్యతో పాటు ఇందిరమ్మ కూడా వచ్చింది. నారాయణ అనే ఆసామి దగ్గర తెల్ల కోడెల జత నిలబడి ఉంది. దశరథం ఎడమ కనుబొమ్మ అప్పుడే ఎగరబోయింది. గబుక్కున కుడి మొహం నారాయణ వైపు తిప్పాడు. ఈయనకు ఎద్దు నచ్చిందో లేదో తేలక నారాయణ ఎడమ వైపుకు నడిచాడు. దశరథం తిరిగాడు. నారాయణ మళ్ళీ నడిచాడు. తువ్వాల కింద చేతులు వదలకుండా ఇద్దరూ కోడెల చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశారు. కోడెలే విసిగిపోయాయి.

భీమయ్య గడియారం చూసుకున్నాడు. ఇందిరమ్మ ఓపిక తెగింది. వచ్చి తువ్వాల లాగి పారేసింది.

"ఏందయ్యా ఈ దాగుడుమూతలు! నారాయణన్నా, జత ఎంత? నోటితోటి చెప్పు, నలుగురూ ఇంటరు!"

సంత సంతంతా ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నారాయణను ఎవరూ అలా అడగలేదు. లక్షా పది అందామనుకున్నవాడు చుట్టూ చెవులు చూసి, అంత చెప్తే నవ్వులపాలవుతానని తగ్గాడు.

"తొం... తొంభై ఆరు."

"తొంభై రెండుకు ఇస్తవా, పోవాల్నా?"

"తీస్కపో తల్లీ!"

భీమయ్య దళారి పైసలు అక్క చేతిలో పెట్టాడు. "బావా, నువ్వు పలుపు పట్టుకో," అన్నాడు. దశరథం కోడెల పలుపు పట్టుకుని సగం మొహంతో నవ్వాడు.

నాలుగు నెలలకు కుడి కనుబొమ్మ కూడా లేచింది. సంతలో అది ఎవరూ చూడలేదు, అందరూ ఇప్పుడు బేరాలు ఆడే ఇందిరమ్మ మొహమే చూస్తున్నారు.