ప్రసంగం తప్ప అన్నీ

ఆదివారం పొద్దున్న ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు చర్చికి వెళ్ళాలి. కొత్తగా కొన్న రెండు కంప్యూటర్లలో ఒకదాన్ని ప్రొజెక్టరుతో పాటలు గోడ మీద వేయడానికి, రెండోదాన్ని ప్రసంగం వీడియో తీయడానికి సిద్ధం చేయాలి. మామగారి నోరు మూయించాలి. ఈ మూడో పని సంగతి భార్యకు చెప్పలేదు.

ఇంజనీరు అన్నది ఆయన చదువు కాదు, సంఘం పెట్టిన పేరు. ఆయన ఫ్యాన్లు అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. ఒకసారి ఆరాధన మధ్యలో మైకు మూగబోతే లేచి వెళ్ళి, ఊడిపోయిన ప్లగ్గును తిరిగి గుచ్చి వచ్చాడు. ఆ రోజు నుంచి ఇంజనీరు అయిపోయాడు, ఆయనా కాదనలేదు. కంప్యూటర్లు కొనిపించిందీ ఆయనే. "పాటల పుస్తకాలకేమొచ్చింది?" అని సంఘ పెద్ద అయిన మామగారు అడ్డం తిరిగితే, "మంచం మీదున్నవాళ్ళ సంగతేంటండీ? పాస్టరు గారి అమ్మగారు చర్చి మొహం చూసి ఎన్నాళ్ళయింది?" అని కమిటీని ఒప్పించాడు.

పాస్టరు గారి తల్లి తుంటి విరిగి మంచం పట్టింది. ఆయనకు చిన్నప్పటి నుంచి నత్తి. ఎక్కడ మాట తట్టుకుంటుందోనన్న భయంతో ప్రసంగాలు పొట్టిగా ముగించేవారు. ఆ ఆదివారం మాత్రం తనకు మాట నేర్పిన తల్లి గురించే పెద్ద ప్రసంగం సిద్ధం చేసుకున్నారు. సాయంత్రం ఆ వీడియో ఆమెకు చూపించాలని ఆయన ఆశ. చూపిస్తానని ఇంజనీరు మాటిచ్చాడు.

కెమెరాను హాలు వెనక, తన బల్ల పక్కన స్టాండు మీద పెట్టాడు. కంప్యూటరులో రికార్డింగుకు ఒకటే గుండ్రటి బటను. ఒకసారి నొక్కితే మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. నడుస్తున్నంతసేపూ తెర మూలన ఒక ఎర్ర చుక్క వెలుగుతుంది. పరీక్షించి చూద్దామని బటను నొక్కాడో లేదో, ముందు వరసలోంచి మామగారి కేక వినిపించింది.

"అల్లుడుగారూ! ఈ పాట పాడాలంటే మేం తలకిందులుగా నిలబడాలా?"

గోడ మీద పాట నిజంగానే తలకిందులుగా ఉంది. ఇంజనీరు పరుగెత్తి ప్రొజెక్టరుతో కుస్తీ పట్టాడు. అక్షరాలు కాళ్ళ మీద నిలబడేసరికి జనం వచ్చి కూర్చున్నారు. వెనక బల్ల మీద తాను నొక్కి వదిలేసిన బటను సంగతి ఆయనకు గుర్తే లేదు.

పాటలయ్యాయి. పాస్టరు గారు లేచి, "ప్రియమైన సహోదరులారా" అనగానే ఇంజనీరు ఠీవిగా బటను నొక్కాడు. చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు. ఆ ప్రసంగం అలా సాగిపోయింది. ఒక్క మాట తట్టుకోలేదు, ఒక్క వాక్యం తెగలేదు. జనం కళ్ళొత్తుకున్నారు. ఇంజనీరు మాత్రం మామగారి బట్టతల వెనక భాగాన్ని చూస్తూ, ఇప్పుడు ఆ మొహం ఎలా ఉండి ఉంటుందా అని మురిసిపోతూ కూర్చున్నాడు. "ఆమెన్" వినబడగానే మళ్ళీ బటను నొక్కాడు.

పాస్టరు గారు చెమటలు కక్కుతూ తిన్నగా ఆయన దగ్గరికే వచ్చారు. "బ్రదర్, వచ్చిందా? ఇవాళ ఒక్కసారి కూడా... మీరు గమనించారా? అమ్మ చూడాలి!"

ఇంజనీరు కెమెరా ముందుకు వంగి, చేతిరుమాలుతో దాని అద్దాన్ని తుడుస్తూ, "బంగారంలా వచ్చిందండీ అయ్యగారూ! నేనుండగా మీకెందుకు బెంగ?" అన్నాడు.

అందరూ వెళ్ళాక కంప్యూటరు ముందు కూర్చుంటే, మూలన ఎర్ర చుక్క ఇంకా వెలుగుతోంది. పొద్దున పరీక్షకు మొదలుపెట్టిన రికార్డింగు పాటలన్నీ తీసుకుని, పాస్టరు గారు నోరు తెరవగానే ఆగిపోయింది. ఆయన నోరు మూసుకోగానే రెండోది మొదలైంది. కుర్చీలు సర్దడం, పిల్లల గోల, ఒకాయన తుమ్ము, అన్నీ ఉన్నాయి. ప్రసంగం ఒక్కటే లేదు.

విషయం విని భార్య తల పట్టుకుంది. "వెళ్ళి నిజం చెప్పేయండి."

"మీ నాన్న ముందా?"

"అయ్యగారి ముందండీ!"

"ఆయనకి చెబితే మీ నాన్నకి చెప్పినట్టే." అవమానం ఒకవైపు, భయం ఒకవైపు పీకుతుంటే ఆయన పాస్టరు గారి ఇంటికి వెళ్ళాడు. దారంతా నిజమే చెప్పాలనుకున్నాడు. తలుపు తెరుచుకోగానే నోట్లోంచి వేరే మాట వచ్చింది. "అయ్యగారూ, సౌండులో చిన్న గరగర. కొంచెం మళ్ళీ చెబితే..."

"అయ్యో, దానికేం! ఎంతవరకు చెప్పాలి?"

"మొదటి నుంచి..."

"ఎక్కడిదాకా?"

"ఆమెన్ దాకా."

పాస్టరు గారు తెల్లబోయారు గానీ ఒప్పుకున్నారు. ఖాళీ కుర్చీలకు చెప్పలేనని, పదిమందిని పిలవమని మాత్రం అడిగారు. ఇంజనీరు భార్య తన అక్కకు ఫోను చేసింది. "మూడింటికి చర్చికి రా అక్కా. అయ్యగారు ఇంకొక్కసారి మాట్లాడతారట. ఎందుకని మాత్రం అడక్కు."

ఎందుకని అడక్కూడని కబురుకు కాళ్ళొచ్చాయి. ఇంకొక్కసారి అంటే చివరిసారి అనుకున్నారు. చివరిసారి అంటే బదిలీ అనుకున్నారు. మూడయ్యేసరికి పొద్దుటికంటే ఎక్కువమంది వచ్చి, ఇంట్లో ఎవరో పోయినంత దిగులుగా కూర్చున్నారు. మామగారు పూలగుత్తి పట్టుకుని దిగారు. "నాకు ఒక్క మాట చెప్పకుండా ఆయన్ని పంపించేస్తారా?" అని అల్లుడి చెవిలో అంటూనే వెక్కి వెక్కి ఏడ్చారు.

పాస్టరు గారు మాత్రం ఆ జనాన్ని చూసి పొంగిపోయారు. "ఈ ప్రసంగం మళ్ళీ వినాలని ఇంతమంది వచ్చారా! మన ఇంజనీరు బ్రదర్ అడగబట్టే కదా!" అన్నారు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఇంజనీరుకు తల కొట్టేసినట్టయింది. తర్వాత పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టారు. ఎవరి వంక చూసినా ఏడుపే, ముందు వరసలో పూలగుత్తి వణుకుతోంది. తానేం తప్పు మాట్లాడుతున్నానో ఆయనకు తెలియలేదు. మూడో వాక్యంలో నాలుక తట్టుకుంది. ఆ తర్వాత అడుగడుగునా తట్టుకుంటూనే ఉంది. తల్లి గురించిన చోట అయితే ఒకే మాట దగ్గర ఆగిపోయి, కళ్ళు మూసుకుని నిలబడిపోయారు. మామగారు పూలగుత్తితో లేవబోతే ఇంజనీరు పరుగున వచ్చి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. ఈసారి ఎర్ర చుక్క చక్కగా వెలిగింది. ఒక్క తడబాటు కూడా పోకుండా రికార్డయింది.

సాయంత్రం పాస్టరు గారింట్లో, తల్లి మంచానికి ఎదురుగా ఉన్న గోడ మీదకు ప్రొజెక్టరు తిప్పాడు. భార్య పక్కనే ఉంది. మామగారు కూడా వచ్చి, పూలు వృథా ఎందుకని పెద్దావిడ చేతిలో పెట్టారు.

"పొద్దున ఒక్కసారి కూడా తడబడలేదమ్మా, నిజం," అంటున్నారు పాస్టరు గారు. "అది నీకు చూపిద్దామనుకున్నా. మధ్యాహ్నం మాత్రం ఎందుకో... అయినా మళ్ళీ వినాలని అంతమంది వచ్చారమ్మా."

ఆ మాట ఇంజనీరుకు ముల్లులా గుచ్చుకుంది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఆ తడబడే ప్రసంగం గోడంత అయ్యి ఆవిడ ముందు నిలబడుతుంది. ఆయన తేలు కుట్టిన దొంగలా వైరు పట్టుకుని నిలబడి, చివరికి గబగబా కక్కేశాడు. "గరగర లేదండీ. పొద్దుటి ప్రసంగమే లేదు. బటను అటుది ఇటు నొక్కాను. మధ్యాహ్నం జనం వచ్చింది వినడానికి కాదు, మీరు వెళ్ళిపోతున్నారనుకుని. తప్పంతా నాదే అయ్యగారూ."

మామగారు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నారు. పాస్టరు గారు కుర్చీలో కూర్చుని అరచేతులు చూసుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేదని ఇంజనీరు అనుకున్నాడు. సిగ్గుతో ఆయనకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

"మరి ఏం వచ్చింది బాబూ?" అని అడిగింది పెద్దావిడ.

"ప్రసంగం తప్ప అన్నీ అమ్మగారూ."

"అదే వెయ్యి. ప్రసంగం నాకు కంఠతా వచ్చు. వారం నుంచి వీడు ఈ మంచం పక్కనే నిలబడి చెబుతున్నాడు. నా మనుషుల్ని చూసి ఎన్నాళ్ళయిందో."

మొదటిది వేశాడు. ఆవిడ దిండు మీద మోచెయ్యి ఊని లేచింది. పియానో వాయించే ఆవిడ జుట్టు ఎప్పుడు తెల్లబడిందని అడిగింది. గేటు దగ్గర ఇంటి వాళ్ళమ్మాయి ఇంత పొడుగైందా అని బుగ్గలు నొక్కుకుంది. పాస్టరు గారు, "ప్రియమైన సహోదరులారా" అనగానే బొమ్మ ఆగిపోయింది. ఇంజనీరు తల దించుకుని రెండోది వేశాడు.

జనం లేచి వెనక ద్వారం వైపు, అంటే నేరుగా కెమెరా వైపే నడిచి వస్తున్నారు. ఒకామె పైటతో కళ్ళు తుడుచుకుంటోంది. ఎప్పుడూ కబుర్లాడుతూ బయటికొచ్చే అన్నదమ్ములిద్దరూ మాట్లాడకుండా వస్తున్నారు. ఎవరికీ కనబడలేదనుకుని మామగారు చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నారు.

పెద్దావిడ ఆ మొహాలన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది. తర్వాత కొడుకు చెయ్యి అందుకుంది. "తడబడలేదురా. తెలుస్తోంది." పాస్టరు గారు ఆ చేతి మీద నుదురు ఆనించుకున్నారు.

సరిగ్గా అప్పుడు గోడ నిండా ఇంజనీరు మొహం ప్రత్యక్షమైంది. చేతిరుమాలు అటూ ఇటూ ఊగింది. "బంగారంలా వచ్చిందండీ అయ్యగారూ! నేనుండగా మీకెందుకు బెంగ?"

పెద్దావిడ కాసేపు ఆ మొహాన్ని పరీక్షగా చూసి, "ఇతనొక్కడే విన్నట్టు లేడు," అంది.

మరుసటి ఆదివారం నుంచి రికార్డింగు ఆయన భార్య చూసుకుంటోంది. ఇంజనీరుకు కమిటీ వారు కుర్చీలు వేసే పని అప్పగించారు. వాటికి బటన్లు ఉండవు.