ముగింపు గీత దాటిన పాప్పాత్తి

నడవడానికి కాళ్లుంటే చాలని పుదుచ్చేరిలో ఇప్పటికీ కొందరు అనుకుంటున్నారు. అది తప్పు. నడవడానికి ముందు యాప్ ఉండాలి, యాప్‌లోకి పోవడానికి ఓటీపీ రావాలి, ఓటీపీ వచ్చాక ఛాతీ మీద అంటించుకోవడానికి నంబరు రావాలి. ఆ తర్వాత, వీలుంటే, కాళ్లు. ఈ సత్యం జనానికి నేర్పడానికే కారుణ్య నడకల సమన్వయ మండలి పుట్టింది (కారుణ్యం అంతకుముందు కూడా ఉండేదట, కాకపోతే సమన్వయం లేక ఇళ్లల్లో చెల్లాచెదురుగా పడి ఉండేది).

నెల్లితోపు పాప్పాత్తికి ఇవేవీ తెలియవు. ఆమెకు తెలిసిందల్లా ఒకటే. గోరిమేడు దగ్గర ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రి ఉంది. అందులో డయాలసిస్ మిషన్లు రెండు. ఒకటి పనిచేస్తుంది, రెండోదాని మీద దుప్పటి కప్పి ఉంటుంది. ఆ దుప్పటి కప్పిన నాటినుంచి ఆమె మొగుడు దురైసామి వంతు వెనక్కి జరుగుతూనే ఉంది, అతని కాళ్లవాపు మాత్రం ఆగకుండా పైకి పాకుతోంది. పంపు హౌసులో ఉద్యోగం చేసి ఊరందరికీ నీళ్లు వదిలిన మనిషి, తన ఒంట్లో నీళ్లు వదిలించుకునే దిక్కులేక కూర్చున్నాడు.

ఎదురింటి జనని ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తుంది. కంపెనీలో ప్రతి ఒక్కరూ నడకకు ఇంకో మనిషిని తోడు తేవాలని మేనేజరు స్వచ్ఛందంగా నిర్బంధించాడు. జనని ఆ సాయంత్రమే పాప్పాత్తి గడప తొక్కింది.

"ఆ మిషను బాగుచేసేదానికే ఈ నడక అత్తా. నువ్వు నడిస్తే నీ పేరున మా కంపెనీ డబ్బు కడతాది."

"నేను నడిస్తే మీ మామ మిషను బాగౌతాదా?"

"అదే గదా చెప్తా ఉండా."

"అట్లయితే ఇది మొక్కు," అంది పాప్పాత్తి.

జనని కాదనలేదు. యాప్‌లో మొక్కు అనే ఆప్షన్ లేదు కాబట్టి 'ఇతరములు' నొక్కింది.

మొక్కు నడకంటే పాప్పాత్తికి ఒకరు నేర్పాల్సిన పని లేదు. శనివారం పస్తు ఉంది. ఆదివారం తెల్లారేసరికి తలకు పోసుకుని, పసుపు చీర కట్టి, కొంగున వేపాకు ముడేసి, చెప్పులు గడపలోనే వదిలి బీచ్ రోడ్డుకు వచ్చింది. అక్కడ మండలి ఉపసంచాలకుడు (అడుగుల విభాగం) ఎళిలరసన్ ఆమె పాదాలు చూసి కంగారుపడ్డాడు.

"బూట్లు ఎక్కడమ్మా?"

"మొక్కుకు బూట్లేంది సార్?"

నిబంధన ప్రకారం బూట్లున్నవాడు వాకర్. లేనివాడు రోడ్డు మీద పోయే మనిషి. రోడ్డు మీద పోయే మనుషులకు నడకలో చోటు లేదు. ఎళిలరసన్ ఫోనులో పైవాళ్లతో చర్చించి, చివరికి ఆమెను 'కనబడని పాదరక్షలు' అనే కేటగిరీ కింద చేర్చుకున్నాడు. పసుపు చీర మీద ఆకుపచ్చ టీషర్టు తొడిగారు. టీషర్టులన్నీ ఒకటే సైజు, ముఖ్య అతిథి సైజు.

ఆ ముఖ్య అతిథి తీరిగ్గా వచ్చాడు, జెండా ఊపాడు, కెమెరా ఉన్నంత దూరం నడిచి కారెక్కాడు (అందరికంటే ఎక్కువ నడిచింది ఆయనేనని యాప్ తేల్చింది, కారులో ఫోను బాగా ఊగుతుంది గదా). మిగతా జనం రోడ్డు ఈ చివరినుంచి ఆ చివరికి పోయి, తిరిగి ఈ చివరికి వచ్చారు. రోజూ పొద్దున అక్కడ నడిచే ముసలాళ్లను, నడకకు అడ్డమొస్తున్నారని వాలంటీర్లు పక్కకు తప్పించారు. గాలి నింపిన కమాను కింద సెల్ఫీలు మొదలయ్యాయి.

పాప్పాత్తి మెళ్లో పతకం వేశారు. ఆమె చుట్టూ చూసింది.

"స్వామి యాడ సార్?"

"ఏ స్వామి అమ్మా? ఇదే ముగింపు."

"బయల్దేరిన కాడికే వచ్చినాం గదా. ఎవురి కోసరం నడిచినామో వాళ్ల కాడికి పోవద్దా?"

మండలి చరిత్రలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. పోకూడదని ఎక్కడా లేదు, పోవచ్చనీ లేదు. ఎళిలరసన్ మళ్లీ ఫోను తీసేలోగా పాప్పాత్తి వీధి మలుపు తిరిగింది. పూచీ తనది కాబట్టి జనని వెంటపడింది. ముందు టీషర్టు పోతే వెనక టీషర్టు పోవాలని నేర్చుకున్న వాలంటీర్లు కదిలారు. ఎక్కువ అడుగులేసిన వాళ్లకు మిక్సీ ఇస్తామని మైకులో చెప్పి ఉన్నందువల్ల సగం జనం వాళ్ల వెనక కదిలింది.

పాప్పాత్తికి తెలిసిన దారి టౌన్ బస్సు దారి ఒక్కటే. నెల్లితోపు మార్కెట్ దగ్గర ఆ పసుపు చీర, ఉత్త కాళ్లు చూసి, ఏ తల్లికి మొక్కో కూడా అడక్కుండా ఆడవాళ్లు బిందెలతో ఎదురొచ్చి పాదాల మీద నీళ్లు పోసి కళ్లకద్దుకున్నారు. వచ్చిన వాళ్లందరికీ మజ్జిగ పోశారు. బీచ్ రోడ్డు మీద కూపన్ చూపిస్తే గానీ నీళ్లు దొరకని వాకర్లు, గ్లాసు చేత్తో పట్టుకుని దేన్ని స్కాన్ చేయాలా అని వెతుక్కున్నారు.

ఆసుపత్రి గుమ్మంలో వాచ్‌మన్ పాండియన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "బూట్లతో లోపలికి రాగూడదు."

అందరూ నేలమీద కూలబడి తాళ్లు విప్పుకుంటున్నారు. నిబంధనకు కట్టుబడి వచ్చింది పాప్పాత్తి ఒక్కతే. ఆమె తిన్నగా లోపలికి పోయింది.

దురైసామి వంతు కోసం బెంచీ మీద ఒరిగి ఉన్నాడు. ఆమె పాదాలు చూసి లేచి కూర్చున్నాడు.

"ఏంది పాప్పాత్తీ, ఈ బొబ్బలు?"

"నీ కోసరం నడిచినానయ్యా. భయంగా ఉండాది నాకు. ఇంకేం చెయ్యాల్నో తెలీలా."

అతను ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి వదల్లేదు. కాసేపటికి ఆమె లేచి, మెళ్లో పతకం తీసి, దుప్పటి కప్పిన మిషను మీద పెట్టి దండం పెట్టుకుంది. ఉత్త కాళ్లతో ఒక్కొక్కరే లోపలికొచ్చిన వాకర్లు అది చూశారు. ఫోను పైకెత్తడానికి ఎవరికీ చెయ్యి రాలేదు (దీన్ని మండలి తన నివేదికలో 'ప్రచార లోపం' అని రాసుకుంది).

మర్నాడు మండలి సమావేశమైంది. నడక ఘనవిజయమని తీర్మానించారు. ముగింపు దగ్గర ఆగనందుకు పాప్పాత్తిని అనర్హురాలిగా ప్రకటించారు. సాయం అందుకోవాల్సిన వాళ్ల దాకా జనం పోయే ప్రమాదం మళ్లీ రాకుండా కమాను వెనక కంచె కట్టాలన్నారు. మిషను చూసొచ్చిన వాకర్లు ఊరుకోకుండా అడుగుతున్నందువల్ల, దాని విషయంలో కూడా తక్షణ చర్య తీసుకున్నారు.

తర్వాతి వారం దురైసామిని చెయ్యి పట్టి నడిపించుకొచ్చిన పాప్పాత్తి వార్డు గుమ్మంలోనే నిలబడిపోయింది. మిషను మీద పాత దుప్పటి లేదు. నిగనిగలాడే ఆకుపచ్చ దుప్పటి, దాని నిండా అక్షరాలు. అమ్మవారికి కొత్త చీర కట్టినట్టుంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"బాగుచేసినారు చూడయ్యా," అంది మొగుడితో. తర్వాత తోడొచ్చిన జననిని ముందుకు నెట్టింది. "నాకు చదువు రాదు గదా, ఏం రాసినారో చదువు పాపా."

జనని చదివింది. దుప్పటి అంచు ఎత్తి, దుమ్ము కూడా కదలని మిషనును చూసింది. మళ్లీ చదివింది.

"మళ్లా నడవాలంట అత్తా."