డెన్మార్కులో ఒంటితుమ్ము

ఆ రోజు పొద్దున రాఘవేందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ఇంట్లోంచి కదలాలి, పదింటికి సభలో మైకు ముందు నిలబడాలి, ఇంగ్లీషులో పది నిమిషాలు మాట్లాడాలి. అంతే. కాకపోతే ఆయనది వనపర్తి, ఆ ఇల్లు డెన్మార్కులో ఉంది.

వనపర్తి సేవా క్లబ్బువాళ్ళు, ఆ దేశంలోని ఒక చిన్న ఊరి క్లబ్బువాళ్ళు ఒకరిళ్ళకు ఒకరు వెళ్ళి పదేసి రోజులు ఉండి రావాలని ఒప్పందం. అధ్యక్షుడు కాబట్టి ముందు రాఘవేందర్ బయలుదేరాడు, భార్య సుహాసినిని వెంటబెట్టుకుని. ఆయనకు పల్లీల మిల్లు ఉంది. ఆమె గోపాల్‌పేటలో సైన్సు టీచరు. పదో తరగతి ఇంగ్లీషులో ఆయన మూడుసార్లు తప్పిన సంగతి కార్యదర్శి జయపాల్ ప్రతి మీటింగులోనూ గుర్తుచేస్తాడు. సాగనంపేటప్పుడు కూడా, "అన్నా, నువ్వు జర నవ్వుకుంట కూసో, మాట్లాడకు" అన్నాడు. ఆ మాట రాఘవేందర్‌కు ముల్లులా గుచ్చుకుంది. అంతకుముందే మూడు నెలలు మిల్లులో హమాలీల ముందు ఉపన్యాసం వల్లించాడాయన. ఇప్పుడా హమాలీలు 'డియర్ ఫ్రెండ్స్' అననిదే బస్తా ఎత్తరు. ఆ ఉపన్యాసాన్ని జయపాల్ వనపర్తిలో కూర్చుని ఫోనులో చూడబోతున్నాడు.

తొమ్మిదిన్నరకు రాఘవేందర్ బూట్లు వేసుకుని గడప మీద కాలు పెట్టాడు. ఇంటాయన యెన్స్ కారు తాళాలు చేతబట్టుకుని ఒక్క తుమ్ము తుమ్మాడు. ఒక్కటంటే ఒక్కటే.

రాఘవేందర్ కాలు వెనక్కి తీసుకుని, బూట్లు విప్పి, కుర్చీలో కూర్చుని నీళ్ళడిగాడు.

"ఒంటితుమ్ము తుమ్మిండు. రెండోది వస్తె మంచిదే, రాకుంటె జరసేపు కూసోని పోదాం. గిది ఆయనకు చెప్పు."

"పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. గీ ముచ్చట నా నోటితోని చెప్పాల్నా? సిగ్గు పోతది" అంది సుహాసిని. యెన్స్ వైపు తిరిగి, మా ఆయనకు కొంచెం నలతగా ఉందని ఇంగ్లీషులో చెప్పేసింది.

కొంప అక్కడ మునిగింది. యెన్స్ భార్య కిర్‌స్టెన్ ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసిన మనిషి. చేతికి పని దొరికిందన్న ఉత్సాహంతో అతిథిని సోఫాలో పడుకోబెట్టి, పట్టీ చుట్టి బీపీ చూసింది. నిక్షేపంలాంటి మనిషిని రోగిని చేశారన్న కోపానికి అది నూట ఎనభైకి ఎక్కింది. ఆమె అంబులెన్సుకు ఫోను చేసింది. ఆ సంగతి తెలిశాక ఇంకో ఇరవై ఎక్కింది.

"తుమ్మింది ఆయన, పండవెట్టింది నన్నా? గిదెక్కడి న్యాయమే?"

చెప్పిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి సుహాసినికి మొహం చెల్లలేదు.

ఇక తన దారి తానే చూసుకోవాలనుకున్నాడు రాఘవేందర్. తుమ్ముకు విరుగుడు తుమ్మే. లేచి పెట్టెలోంచి అత్త హన్మమ్మ కట్టిచ్చిన కారప్పొడి తీసి, పొట్లం విప్పి యెన్స్ ముక్కు కింద పెట్టాడు. యెన్స్ మర్యాదస్తుడు. వాసన చూడమంటున్నారనుకుని గుండెల నిండా పీల్చాడు.

మొదటిదాంతో కలిపి రెండు. రాఘవేందర్ బూటు అందుకున్నాడు. మూడు. కూర్చున్నాడు. నాలుగు. లేచాడు. అయిదు. అలా లేస్తూ కూర్చుంటూ ఉండగా లెక్క ఇరవై మూడు దగ్గర ఆగిపోయింది. కిటికీలో ఉన్న పిల్లి కూడా ఒకటి తుమ్మిందనీ, దాన్ని కలిపితే సరిసంఖ్యేననీ ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. ఆ వాదన వినకుండా అంబులెన్సువాళ్ళు ఆయన్నీ, కళ్ళు వాచిన యెన్స్‌నూ పక్కపక్కనే ఎక్కించారు. కిర్‌స్టెన్ కూడా ఎక్కింది. సుహాసిని మాత్రం స్ట్రెచర్‌కు కట్టేసి ఉన్న భర్త జేబులోంచి ఉపన్యాసం కాగితం లాక్కుని, గద్వాల చీర కుచ్చిళ్ళు సర్దుకుని, పక్కింటివాళ్ళ కారులో సభకు వెళ్ళిపోయింది.

దవాఖానాలో డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, ఏ రోగమూ లేదు, వెళ్ళవచ్చన్నాడు. అప్పటికి పదకొండు. సభ మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఇంకా సమయం ఉంది. రాఘవేందర్ ముఖం విప్పారింది. డాక్టరు ఛాతీమీది వైర్లు తీయడానికి వంగాడు. చొక్కాకు అంటిన కారం ముక్కుకు తగిలి ఒక్క తుమ్ము తుమ్మాడు.

రాఘవేందర్ మళ్ళీ మంచం మీద వాలిపోయాడు.

కాసేపటికి జయపాల్ ఫోను. "అన్నా, వదిన కాగితం పక్కకు వెట్టి నీ తుమ్ముల కథ చెప్పింది. హాలు హాలంత లేచి చప్పట్లు కొట్టిండ్రు. నువ్వు నిమ్మళంగ పండుకో."

సాయంత్రం ఇంటికి రాగానే రాఘవేందర్ పెళ్ళాన్ని నిలదీశాడు. "గడప కాడ ఒక్కనికి చెప్పనీకె సిగ్గన్నవ్. మూడు వందల మందికి ఎట్ల చెప్పినవే?"

"గడప కాడ మైకు లేకుండె."

మర్నాడే తిరుగు ప్రయాణం. విమానాశ్రయం దాకా దిగబెట్టడానికి క్లబ్బువాళ్ళు నలభై మంది బస్సు మాట్లాడుకుని వచ్చారు. బస్సు కదలబోతుండగా వెనక సీట్లో ఎవరో తుమ్మారు. ఒక్కటే. డ్రైవరు ఇంజను ఆపేశాడు. నలభై మందీ చేతులు కట్టుకుని రాఘవేందర్ వైపు భక్తిగా చూశారు. నిమిషాలు గడుస్తున్నాయి, రెండో తుమ్ము రాదు. విమానం ఎవరి కోసమూ ఆగేది కాదు.

రాఘవేందర్‌కు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి, 'డియర్ ఫ్రెండ్స్' అని మొదలుపెట్టి, తుమ్ము అనేది వట్టి జలుబనీ, దానికి ఆగడం బుద్ధితక్కువనీ, బండి తీయమనీ ఎక్కడా తడబడకుండా ఇంగ్లీషులో దులిపేశాడు. ఆ దేశంలో ఆయన చేసిన ఉపన్యాసం అదొక్కటే. జయపాల్ దాన్ని చూడలేదు.

డ్రైవరు తాళం తిప్పబోతుండగా సుహాసిని చెయ్యి అడ్డం పెట్టి, కూర్చుని తాగడానికి కాసిని నీళ్ళడిగింది.