గంగులమ్మ ఎడమ చెయ్యి

ఆ గురువారం ఉదయం గంగులమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇంట్లోవాళ్లు లేచేలోగా బుట్టెడు ఉల్లిపాయలు తరిగేయాలి, అంతే. కువైట్‌లోని రుమైథియాలో ఒక మూడంతస్తుల ఇంట్లో ఆమె వంటమనిషి. సొంతూరు రాయచోటి దగ్గర ఒక పల్లె. తెల్లారకముందే ఉల్లిపాయల మీద పడటానికి కారణం పని తొందర కాదు, ఎవరి కంటా పడకూడదన్న భయం. గంగులమ్మది పుర్రచెయ్యి. కుడిచేత్తో తరిగితే ఉల్లిపాయకంటే ముందు వేళ్లు తెగుతాయి. అదే ఎడమచేత్తో అయితే కత్తి ఎక్కడుందో, ఉల్లిపాయ ఎక్కడుందో చూసేవాళ్లకి తెలియదు.

ఎడమచేతి వాటం నేరమేమీ కాదు. కాకపోతే ఆ చేత్తో వడ్డిస్తే రాయచోటిలోనూ మొహం చిట్లిస్తారు, రుమైథియాలోనూ చిట్లిస్తారు. ఈ ఒక్క విషయంలో రెండు దేశాలకీ మంచి ఒప్పందం ఉంది. కువైట్ వచ్చిన కొత్తలో హవల్లీలో ఒక ఇంట్లో పెద్దావిడకి ఎడమచేత్తో రొట్టె అందించినందుకు, వారం తిరక్కుండా ఆమెను ఏజెంటు ఆఫీసుకి వాపసు పంపేశారు. అప్పట్నుంచి గరిటె కుడిచేత్తో, చీపురు కుడిచేత్తో. ఎడమ చెయ్యి నలుగురి ముందు దర్జాగా పనిచేసేది ఒక్క గాహ్వా పోసేటప్పుడే. అక్కడి మర్యాద ప్రకారం కాఫీ కూజా ఎడమచేతిలో ఉండాలి, కప్పు కుడిచేత్తో అందించాలి. "మా గంగూలా గాహ్వా పోసేవాళ్లు కువైట్‌లో లేరు" అని యజమానురాలు మామా చుట్టాలందరికీ చెప్పుకునేది. ఎందుకు లేరో గంగులమ్మకి తెలుసు గానీ చెప్పేది కాదు.

చెప్పకపోవడానికి గట్టి కారణమే ఉంది. ఆ నెలతో ఆమె ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే పర్మిట్టు, అయిపోతోంది. కూతురు వెంకటేశ్వరి కడపలో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఇఖామా ఇంకో రెండేళ్లకి కొట్టిస్తే పిల్ల చదువు గట్టెక్కుతుంది. లేదంటే తల్లీకూతుళ్లిద్దరూ ఇంటికే.

ఆ ఇంట్లో గంగులమ్మకి అంతుపట్టని మనిషి ఒకతే ఉంది. మామా కూతురు లూల్వా. యూనివర్సిటీ నుంచి రాగానే తెల్లటి దుస్తులు వేసుకుని, ముఖానికి జల్లెడ లాంటిది తగిలించుకుని, సన్నటి పొడుగాటి కత్తితో నేలమాళిగలోకి దిగిపోతుంది. అక్కడ పైకప్పు నుంచి దారంతో వేలాడదీసిన బంతి ఒకటి ఉంది. లూల్వా ముందు కత్తిని గడ్డం దాకా ఎత్తి ఆ బంతికి నమస్కారం పెడుతుంది. తర్వాత ఒక్క గెంతు. కత్తి మొన బంతిని ముద్దు పెట్టుకున్నట్టు తాకి వెనక్కి వచ్చేస్తుంది. బంతి ఊగుతుంది, మళ్లీ తాకుతుంది. చీపురు పట్టుకుని మెట్లమీద నిలబడ్డ గంగులమ్మకి ఒళ్లు జలదరించేది. ఇది ఆటో తపస్సో ఆమెకి తెలియదు. చూసినంతసేపు ఊపిరి పీల్చుకోవడం మర్చిపోయేదన్నది మాత్రం నిజం.

సరే, ఆ ఉదయం. ఉల్లిపాయలు చివరికొచ్చాయి. గట్టు మీంచి ఒకటి దొర్లి కిందికి జారింది. గంగులమ్మ ఆలోచించిందేమీ లేదు. ఎడమ చెయ్యి తనంతట తనే వెళ్లి, నేల తాకబోతున్న ఉల్లిపాయని కత్తి మొనతో గుచ్చి పైకి తెచ్చింది. అప్పుడు వెనకనుంచి కేక వినబడింది.

"యుమ్మా! యుమ్మా! పరిగెత్తుకు రా!"

గుమ్మంలో లూల్వా. మంచినీళ్లకోసం వచ్చినట్టుంది, సీసా చేతిలోనే ఉంది, నోరు తెరిచే ఉంది. గంగులమ్మ ఉల్లిపాయ గుచ్చిన కత్తిని వీపు వెనక దాచుకుంది. మామా నిద్రకళ్లతో దిగి వచ్చింది. కూతురు గడగడా అరబ్బీలో చెప్పుకుపోతుంటే గంగులమ్మకి ముక్కలు ముక్కలుగా అందింది. ఎడమ చెయ్యి. ఇన్నాళ్లూ మనకి తెలియనే తెలియదు. రేపే తీసుకెళ్లిపోదాం.

"నీ ఇష్టం. నన్ను మాత్రం పడుకోనీ" అని మామా మేడెక్కి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం లూల్వా టేపు పట్టుకొచ్చి గంగులమ్మ ఛాతీ కొలిచింది, చెయ్యి కొలిచింది, తల చుట్టూ కూడా కొలిచింది. తర్వాత కారులో ఎక్కడికో వెళ్లి ఒక సంచీతో తిరిగొచ్చింది. అందులోంచి వెనకవైపు జిప్పున్న తెల్ల కోటు ఒకటి తీసి తొడిగింది. తలకి జల్లెడ పెట్టింది. చివరగా ఒక చేతొడుగు తీసింది. ఒక్కటే. అదీ ఎడమచేతికి.

"లూల్వా, ఇదంతా ఎందుకమ్మా?" అంది గంగులమ్మ జల్లెడలోంచి. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది వంటింటి అరబ్బీ.

"బాచర్, గంగూ, బాచర్! రేపు చూద్దువుగాని!" లూల్వా ఫోను మోగింది. మాట్లాడుకుంటూ వెళ్లిపోయింది.

లూల్వా నేలమాళిగలో వేసుకునేవీ ఇలాంటివే గానీ, వంటమనిషికి వాటితో ఏం పని? ఎంత ఆలోచించినా గంగులమ్మకి అర్థం ఒక్కటే తోచింది. ఆ చేత్తో ఇంట్లో ఏదీ ముట్టుకోకూడదని చేతొడుగు. ఊపిరి తగలకూడదని జల్లెడ. తెల్ల కోటు ఆసుపత్రిది. మెడికల్‌కి తీసుకెళ్లి, అన్‌ఫిట్ రాయించి, అట్నుంచి అటే విమానం ఎక్కిస్తారు. పుర్రచెయ్యికి ఇంత తతంగమా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది గానీ, పెద్దింటివాళ్లు ఏం చేసినా ఘనంగానే చేస్తారని సర్దిచెప్పుకుంది.

చెత్త పారేసే నెపంతో వీధిలోకి వచ్చి, పక్కింటి ఉమ్ ఫహద్ కారు తుడుస్తున్న డ్రైవరు పెంచల్ దగ్గర భోరుమంది. పెంచల్ ఆమె ఊరివాడే, వరసకి తమ్ముడు.

"ఏందక్కా, అట్లుండావు?"

"నా బతుకు ఖలాస్‌రా పెంచల్. సెయ్యి సూసేసినారు. రేపు పంపించేస్తాండారు."

"సెయ్యికి ఏమైందక్కా?"

"ఏమైందని సెప్పేదిరా, పుట్టినప్పట్నుంచీ అట్లనే ఉండాది!" అని కొంగుతో ముఖం తుడుచుకుని ఆమె లోపలికి పరిగెత్తింది.

పెంచల్ మంచివాడు. మంచివాళ్ల దగ్గర కబురు నిలవదు. వీధిలో సరుకులమ్మే బకాలా కొట్టు హుస్సేన్ పీరాకి అతను చెప్పినప్పుడు అక్కకి చేతి జబ్బు. హుస్సేన్ పీరా ఎదురింటి ఆయా నూర్ బీకి చెప్పేసరికి చెయ్యి తీసేస్తారట. సాయంత్రానికి వీధి వీధంతా కన్నీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్ల వెనకాలే ఇంకొక ఆలోచన కూడా అందరికీ ఒకేసారి వచ్చింది. గంగులమ్మ రాయచోటి పోతోంది. చేతిలో సామాను పెద్దగా ఉండదు.

ముందుగా హుస్సేన్ పీరా వచ్చాడు. రెండు నిమిషాలు తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత వెనకనుంచి దున్నపోతంత దుప్పటి మూట ముందుకి తెచ్చాడు. "మా యమ్మకక్కా. శానా మెత్తగుంటాది. నీ బాధలో నిన్ను అడగకూడదు గానీ."

నూర్ బీ పాలపొడి డబ్బాలూ సబ్బులూ తెచ్చింది. "సెయ్యి లేకపోతే ఏమొదినా, దేవుడు ఇంకో సెయ్యి ఇచ్చినాడు గదా. ఈ సంచీ ఆ సెయ్యికి తగిలించుకో" అని ఓదార్చింది. ఇంకెవరెవరో జండూబామ్‌లు, బాదంపప్పు, ఇస్త్రీపెట్టె ఇచ్చిపోయారు. అడ్డు చెప్పే ఓపిక గంగులమ్మకి లేదు. పోయేది ఎలాగూ తప్పనప్పుడు ఊరికి పోయేవాళ్లు పార్సిల్ కాదనడం ఎక్కడుంది? శుక్రవారం పొద్దుటికి గేటు పక్కనున్న ఆమె గదిలో పెంచల్ మోసిపెట్టిన మూటలు కిటికీని మూసేశాయి.

వాటిని మామా చూసింది. గంగులమ్మ సామాను సర్దుకుందనీ, మూటలు మోసుకొస్తున్నవాడు ఉమ్ ఫహద్ డ్రైవరనీ చూసింది. ఆమెకి లెక్క తేలిపోయింది. ఆ వీధిలో మంచి వంటమనిషిని పక్కింటివాళ్లు ఎగరేసుకుపోవడం కొత్తేమీ కాదు. వెంటనే ఫోను తీసింది.

"నా గాహ్వా తాగి, నా ఇంట్లో మనిషినే లాక్కుంటావా, ఉమ్ ఫహద్?"

అవతల ఉమ్ ఫహద్ ప్రమాణాలు చేసింది. మామా నమ్మలేదు. ఇద్దరూ పిల్లల పెళ్లిళ్లనాటి పాత సంగతులు కూడా తవ్వుకున్నారు. "అసలు సంగతేంటో నీ ముఖంమీదే తేలుస్తా" అని ఉమ్ ఫహద్ ఫోను పెట్టేసింది. ఈలోపు లూల్వా తెల్ల దుస్తుల్లో దిగి వచ్చి "యల్లా, గంగూ, టైమైంది!" అంది. గంగులమ్మ కళ్లు తుడుచుకుని, కారు వెనక నిండినన్ని మూటలు నింపి, మిగిలిన దుప్పటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గంగులమ్మని కంటి ముందే ఉంచుకోవాలని మామా కూడా వచ్చి ముందు సీట్లో బిగుసుకుపోయి కూర్చుంది. మూటలెందుకని కూడా అడగకుండా కారు నడుపుతున్న లూల్వా ఒక్కతే పాట పాడుకుంటోంది.

కారు ఎయిర్‌పోర్టు దారి పట్టలేదు. ఒక పెద్ద హాలు ముందు ఆగింది. ఆడపిల్లల క్లబ్బు. దుప్పటి మూట వదలకుండానే గంగులమ్మ లోపల అడుగుపెట్టింది. ఆగిపోయింది.

నేలమీద సన్నటి బాటలు పరిచి ఉన్నాయి. ప్రతి బాటమీదా ఇద్దరిద్దరు, తలనుంచి కాలిదాకా తెలుపు. నడుముకి వెనకనుంచి తీగ. ఒకరికొకరు కత్తెత్తి నమస్కారం పెట్టుకున్నారు. తర్వాత ఏం జరిగిందో ఆమె కళ్లకి చిక్కలేదు. ఉక్కు ఉక్కుని తాకి సన్నగా కూసింది, ఒక దీపం ఎర్రగా వెలిగింది, ఇద్దరూ మళ్లీ ఏమీ జరగనట్టు మొదటి చోటికి వచ్చేశారు. పీర్ల పండక్కి కర్రసాము చూసింది గంగులమ్మ. అందులో అరుపులుంటాయి, దుమ్ముంటుంది. ఇంత కోపాన్ని ఇంత మర్యాదగా ఆడవచ్చని ఆమె కలలో కూడా అనుకోలేదు. అందరూ ఆడపిల్లలే. దేవతలు పోట్లాడుకుంటే ఇలాగే ఉంటుందేమో అనిపించి, ఉన్నచోటే చేతులు జోడించింది. దుప్పటి కిందపడింది.

"ఫెన్సింగ్. ఇదే నా ప్రాణం, గంగూ" అంది లూల్వా, ఆమెకి తెల్ల కోటు వేసి, జల్లెడ పెట్టి, చేతికి చేతొడుగు తొడుగుతూ. ఆ పిల్ల కళ్లు దీపాల్లా ఉన్నాయి. "ముందు సలాం. ఎదుటివాళ్లకి సలాం పెట్టకుండా కత్తి ఎత్తకూడదు. ఈ మొన చూశావా? ఇది నొక్కుకుంటే దీపం వెలుగుతుంది. అంచుతో కొడితే లెక్కలోకి రాదు. బలం అక్కర్లేదు, వేలితో తలుపు తట్టినంత చాలు. మనిషిని ఎక్కడ తాకినా పాయింటే."

"నాకెందుకమ్మా ఇది? నన్ను మెడికల్‌కి కదా తెచ్చింది?"

"మెడికలేంటి? పోయినేడు ఫైనల్లో ఒకమ్మాయి నన్ను చిత్తుగా ఓడించింది. ఎడమచేతి వాటం. మేమంతా కుడిచేతివాళ్లతోనే నేర్చుకుంటాం. ఎడమచెయ్యి ఎదురొస్తే అంతా తారుమారే. వచ్చే నెల మళ్లీ ఆమే వస్తుంది. ఎడమచేతివాళ్లకోసం క్లబ్బంతా గాలించాను, ఒక్కరూ లేరు. నువ్వేమో ఐదేళ్లుగా మా వంటింట్లోనే దాక్కున్నావు!"

గంగులమ్మ తన ఎడమ చెయ్యి వైపు చూసుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ చెయ్యిని అందరూ వెనక్కి పెట్టుకోమన్నవాళ్లే. కావాలని వెతికినవాళ్లు ఆమెకి తెలిసి ఈ పిల్లే. దుఃఖం పొంగుకొచ్చింది. జల్లెడ ఉండబట్టి ఎవరికీ కనబడలేదు.

ఇద్దరూ బాటమీద నిలబడ్డారు. గంగులమ్మ కత్తిని గడ్డం దాకా ఎత్తి సలాం పెట్టింది. లూల్వా అలవాటైన గెంతు గెంతింది. ఆ తెల్లటి గెంతు ఆమె మెట్లమీద నిలబడి వెయ్యిసార్లు చూసిందే. గంగులమ్మ పోరాడలేదు. జారిపోతున్న ఉల్లిపాయ మాత్రం గుర్తొచ్చింది. ఎడమ చెయ్యి తనంతట తనే వెళ్లింది. గంగులమ్మ వైపు పచ్చ దీపం వెలిగింది.

పక్క బాటలవాళ్లు కూడా ఆట ఆపి ఇటు తిరిగారు. తర్వాత గంగులమ్మ పది పాయింట్లు వరసగా పోగొట్టుకుంది గానీ, ఆ మొదటి దీపాన్ని మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

ఆట అయ్యాక లూల్వా ముసుగు తీసి చెయ్యి చాపింది. అది ఎడమ చెయ్యి. గంగులమ్మ కంగారుపడింది. "రూల్" అని నవ్వింది లూల్వా. "కత్తిలేని చెయ్యే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆట ఓడిపోయినట్టే." కుడిచేతివాటం యజమాని కూతురు ఎడమచెయ్యి ఇచ్చింది. పుర్రచెయ్యి గంగులమ్మ మర్యాదగా కుడిచెయ్యి ఇచ్చింది. రెండు చేతులూ సరిగా అమరలేదు. అయినా చాలాసేపు వదులుకోలేదు.

గుమ్మం దగ్గర చప్పట్లు వినిపించాయి. తగువు తేల్చుకోవడానికి తనే కారు నడుపుకుంటూ వాళ్ల వెంటపడి వచ్చిన ఉమ్ ఫహద్ అంతా చూసేసింది. "వల్లాహ్, నిన్నటిదాకా నీ వంటమనిషి మీద నాకు ఏ ఆలోచనా లేదు" అంది మామాతో. "ఇప్పుడు పుట్టింది. నా కూతురికీ ఇలాంటి మనిషి కావాలి. జీతం ఎంత చెప్పు."

మామా గబగబా వచ్చి గంగులమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసింది. "ఖలాస్! ఆదివారమే ఇఖామా. రెండేళ్లకి!"

సాయంత్రం కారు గేటు ముందు ఆగేసరికి పెంచల్, హుస్సేన్ పీరా, నూర్ బీ అక్కడే ఉన్నారు.

"అక్కా, విమానం తప్పిపోయిందా?" అన్నాడు పెంచల్.

"నేను పోలేదురా. ఇఖామా రెండేండ్లకు కొట్టిస్తాండారు."

ముగ్గురూ కారు వెనకున్న మూటల వైపు చూశారు. "మంచిదే అక్కా" అన్నాడు హుస్సేన్ పీరా, ఎవరో పోయినంత దిగులుగా. గంగులమ్మ ఒక్కొక్క మూటా తీసి వాళ్లకి అందించసాగింది.

"పుర్రసేత్తో ఇస్తాండావేమొదినా!" అని నూర్ బీ నొచ్చుకుంది.

"రూలు నూర్ బీ. ఈ సెయ్యి ఆటకు. ఆ సెయ్యి సలాముకు" అంటూ గంగులమ్మ కుడిచెయ్యి చాపింది. ముగ్గురూ వరసగా వచ్చి, ఏమీ అర్థంకాకుండానే చెయ్యి కలిపి, తమ తమ సామాను తీసుకుపోయారు.

హుస్సేన్ పీరా మాత్రం దుప్పటి తీసుకోలేదు. మూటమీద వాళ్లమ్మ పేరు ఇంకాస్త పెద్దక్షరాల్లో రాసి, రెండేళ్ల తర్వాతైనా ఫరవాలేదని గేటు పక్కనే పెట్టి వెళ్లాడు.