నిరాడంబరుడి డిస్కు

మా ఇంటి కంప్యూటరులో చోటు అయిపోయిందనీ, ఆక్రమణదారు ఎవరో తేల్చడానికి ఏకసభ్య విచారణ సంఘం ఏర్పాటైందనీ తెలియజేయడానికి విచారిస్తున్నాను. సంఘాన్ని నియమించింది నేను. ఆ ఏకసభ్యుణ్ణీ నేనే. ఇంట్లో ఇంకెవరికీ అంత తీరిక లేదు.

ఫిర్యాదు మా ఆవిడది. ఆవిడ ఇళ్లకు ప్లాన్లు గీస్తుంది. ఈసారి ఒక పిల్లల ఆసుపత్రికి గీసింది. సాయంత్రంలోగా పంపకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. పొద్దున్నే సేవ్ చెయ్యబోతే కంప్యూటరు ఒప్పుకోలేదు.

"ఏవండీ, చోటు లేదంటోంది," అంది.

"కంగారు పడకు, నేనున్నాగా," అన్నాను. ఆవిడకు కంగారు అప్పుడే మొదలైంది.

నేను వక్తను. నిరాడంబర జీవితం మీద ఊరూరా మాట్లాడుతుంటాను. 'ఉన్నంతలో సర్దుకో, అక్కర్లేనిది వదులుకో' అన్నది నా ప్రసిద్ధ వాక్యం. అది ప్రసిద్ధమని ప్రతి సభలోనూ నేనే గుర్తు చేస్తుంటాను. అక్కర్లేనివాటిని పసిగట్టడంలో నాకు మంచి పేరుంది, ముఖ్యంగా అవి ఇతరులవైనప్పుడు.

మొదటి అనుమానం మా అత్తగారి మీదికి పోయింది. ఆవిడకు పిల్లికి ఫొటోలు తీసే అలవాటుంది. అన్నీ తీసేశాను. చీమ తలకాయంత చోటు కలిసొచ్చింది. తర్వాత మా అమ్మాయి పాట సాధన చేస్తూ రికార్డు చేసుకున్నవి కనిపించాయి. వాటినీ తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. పిల్ల ఏడ్చింది. విచారణలో కన్నీళ్లు సాక్ష్యం కిందికి రావని నచ్చజెప్పాను. నాతో మాట్లాడటం మానేసింది.

భోజనాల వేళకు మా బావమరిది వచ్చాడు.

"ఎవరిదో ఊహించడం ఎందుకు బావా, కొలిచి చూస్తే పోలా?" అని ఏదో చిన్న ప్రోగ్రాం పెట్టాడు. అది డిస్కును బొమ్మ గీసి చూపిస్తుంది. ఎవరు ఎంత చోటు తింటే వాళ్లకు అంత గడి. తెర నిండా ఒకే ఒక్క ఎర్ర గడి పరుచుకుంది. మిగతా సంసారమంతా ఓ మూల ఒదిగి కూర్చుంది.

ఎర్ర గడి పేరు 'నా ఉపన్యాసాలు'. తెరిచాడు. నిరాడంబరత. నిరాడంబరత కాపీ. ఆ కాపీకి కాపీ. ఎడమవైపు నుంచి వీడియో తీసినది, కుడివైపు నుంచి తీసినది, చప్పట్లు మాత్రం కత్తిరించి విడిగా దాచినది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారే, అదన్నమాట. పైగా ఆ వెతుకులాటలో ఇంటి పిల్లను ఏడిపించాను కూడా.

"వీటిలో మళ్ళీ చూసుకున్నది ఏదైనా ఉందా బావా?"

"చప్పట్లు," అన్నాను.

సంఘం నిష్పక్షపాతమైనది గనక నిందితుడికి వాదన వినిపించే అవకాశం ఇచ్చింది. నేను లేచి నిలబడి, ఇవి నా సొంతం కావనీ, భావితరాల ఆస్తి అనీ మొదలుపెట్టాను. బావమరిది ఆవులించాడు. నేను రెండో తరానికి వచ్చేసరికి, మా ఆవిడ కుర్చీ లాక్కుని, ఇన్నేళ్లుగా తను గీసిన పాత ఇళ్ల ప్లాన్లన్నీ తీసేసింది. ఆసుపత్రి ప్లాను సేవ్ అయింది. పంపేసింది. వాదన ఇంకా సాగుతూనే ఉంది.

"అయ్యో, అవి మళ్ళీ కావాలంటే?" అన్నాను.

"ఆ ఇళ్లల్లో మనుషులు ఉంటున్నారు కదండీ. ఇంక నాకు బొమ్మలెందుకు," అంది.

నాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని ఒక్క మాట అనాల్సింది, పిల్ల దగ్గరికీ వెళ్లాల్సింది. కానీ అంత మేలురకం సిగ్గు ఇంట్లోనే వృథా అయిపోతుందని, తర్వాతి సభ దాకా దాచుకుని, దాని మీదే గంటన్నర మాట్లాడాను. జనం కళ్లు ఒత్తుకున్నారు. ఈసారి నాలుగువైపుల నుంచీ తీయించాను.

ఆ సభకు మీరూ వచ్చారు. ముందు వరుసలో ఫోను ఎత్తి పట్టుకుని మొదటినుంచి చివరిదాకా తీసుకున్నారు, నాకు గుర్తుంది. ఇంతవరకు ఒక్కసారీ చూసి ఉండరు. రేపు మీ ఫోనులో చోటు లేదన్నప్పుడు దాన్ని మాత్రం ముట్టుకోరు. ముందు మీ ఆవిడ ఫోను అడుగుతారు, అందులో అనవసరమైనవి ఏమున్నాయో చూద్దామని.