ఈ ఇల్లు గాలికి సిద్ధము

ఇకమీదట తుఫాను చెప్పాపెట్టకుండా వచ్చే వీలు లేదని, ఒకవేళ వచ్చినా తమిళ సీమలోని ధర్మపురి తాలూకాలో దానికి చేయడానికి పనేమీ మిగలదని, తుఫాను ముందుజాగ్రత్తల స్పెషల్ ఆఫీసరు బాలసుందరం గారు ఓబనపల్లె నడివీధిలో ప్రకటించారు. స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు, వానల నెల ఐప్పసిలో, ఒక బుధవారం ఉదయం. ఆ సమయానికి ఎండ మాడ్చేస్తోంది. ఆఫీసరు గారు మాత్రం వానకోటు విప్పలేదు. విధి నిర్వహణ అంటే అదీ.

ఓబనపల్లెకు సముద్రం నూట ఇరవై మైళ్ల దూరంలో ఉంది. ఆ సంగతి ఆయన దాచలేదు.

"దూరముగా ఉన్న అపాయమునే జాగ్రత్తగా చూడవలెను. దగ్గర ఉన్నది ఎట్లును కనబడును" అన్నారు.

నలభైమూడు ఇళ్ల జనం చప్పట్లు కొట్టారు.

బాలసుందరం గారిది తంజావూరు వైపు. తెలుగు వచ్చునని ప్రభుత్వానికి రాసిచ్చిన రోజు నుంచి ఆయనకు తెలుగు వచ్చింది. సర్క్యులర్లు చదివి నేర్చిన భాష గనుక ప్రతి మాటా ఆర్డరులాగే ఉండేది. "మంచినీళ్లు తాగవలెను" అంటే ఆయనకు దాహమవుతోందో, జనం తాగాలో తెలిసేది కాదు. ఎందుకైనా మంచిదని అందరూ తాగేవారు.

ముందు వరుసలో కూర్చుని ఒక్క మాట వదలకుండా విన్నది నాగవేణమ్మ. అరవై దాటిన మనిషి. బడి ముఖం చూడకుండానే బస్సు బోర్డులూ, కిరసనాయిలు డబ్బాలూ చూసి తమిళ అక్షరాలు తనంతట తానే నేర్చుకుంది. అచ్చులో ఉన్నదంటే ఆమెకెంత గౌరవమంటే, అగ్గిపెట్టె మీద రాసిందంతా చదివాకే పుల్ల గీసేది.

"మీరు భయపడకూడదు" అన్నారు ఆఫీసరు గారు. "భయము ప్రభుత్వము పడును."

ఆ మాటకు నాగవేణమ్మ ప్రాణం లేచివచ్చింది. నలభై ఏళ్లుగా ఆ ఇంటి భయమంతా ఆమె ఒక్కతే పడుతోంది. కొడుకు ఓబప్ప కారిమంగళం సంత నుంచి గడియ ఆలస్యమైతే ఆమె రోడ్డు మీద ఉంటుంది. కోడలు మునిలక్ష్మమ్మ పుట్టింటికి పోతే, బస్సు మలుపు తిరిగాక కూడా దుమ్ము అణిగేదాకా చూస్తూ నిలబడుతుంది. ఇంత పనిలో ఒక చెయ్యి వేయడానికి ప్రభుత్వమే వచ్చిందంటే మాటలా!

ఆఫీసరు గారు సర్క్యులరు విప్పారు. ఇంటి కప్పులను తాళ్లతో బిగించవలెను. తినుబండారములు మూడు దినములకు సరిపడ దాచవలెను. సముద్రపు ఉప్పునీరు బావిలో చేరకుండ కాపాడుకొనవలెను.

"ఉప్పునీళ్లు ఈడికే వస్తాయా అయ్యా?" అని లేచాడు పక్కింటి నరసప్ప.

"వచ్చును."

"రానీండయ్యా! సంతలో ఉప్పు కొనే పని తప్పుతాది."

ఆఫీసరు గారు దీన్ని ప్రజల మనోధైర్యం కింద రాసుకున్నారు. తరువాతి అంశం పడవలు. సర్క్యులరులో వాటికి 'దోనెలు' అని ఉంది.

"ఈ గ్రామమున దోనెలు ఉన్నవా?"

"ఎందుకు లేవు?" అన్నాడు నరసప్ప. "ఇంటికొకటి ఉండాది. మా ఇంట్లో రెండు."

బాలసుందరం గారు గబగబా కొత్త పేజీ తిప్పారు. జిల్లా మొత్తం తిరిగినా ఆయనకు ఒక్క పడవ దొరకలేదు. ఈ మెట్ట ఊళ్లో నలభైనాలుగు! వాటినన్నింటినీ వెంటనే గట్టుమీదికి లాగి కట్టివేయవలెనని ఆర్డరు వేశారు. ఊరివాళ్లు దోనె అనేది గొడ్లు నీళ్లు తాగే రాతి తొట్టిని. ఒక్కో తొట్టికి ఎనిమిది మంది పట్టారు. సాయంత్రానికి నలభైనాలుగు రాతి తొట్లు చెరువుగట్టు మీద వరుసగా నిలబడ్డాయి. గాలికి కొట్టుకుపోకుండా వాటిని మోకులతో మేకులకు కట్టారు. ఆఫీసరు గారు వచ్చి చూశారు. అవి రాతివని గమనించి, ఇక్కడి పనితనం చాలా గట్టిదని మెచ్చుకున్నారు. దాహమేసిన బర్రెలు మాత్రం గట్టెక్కి ప్రభుత్వం వైపు చూస్తూ నిలబడ్డాయి.

మరునాడు ఆఖరి అంశం చదివారు.

"తుఫాను వచ్చు దినమున కుటుంబమును మూడు భాగములు చేయవలెను. ఒకే చోట ఉన్నయెడల అందరును ఒకేసారి పోవుదురు. మూడు చోట్ల ఉన్నయెడల విడివిడిగా పోవుదురు."

నాగవేణమ్మ ఇంటికి అక్కడికక్కడే కేటాయింపు జరిగింది. ఓబప్ప తొప్పూరుకు, మునిలక్ష్మమ్మ తుంబలహళ్లికి, ఆమె కారిమంగళానికి.

"తుంబలహళ్లిలో మా కోడలికి ఎవురూ లేరు సామీ" అంది నాగవేణమ్మ.

"ఎవరును లేని చోటే క్షేమము. రద్దీ ఉండదు."

"పోయేదేదో ఒకే చోట పోతామయ్యా. మాట్లాడుకుంటా పోవచ్చు."

"ఏమత్తా, సచ్చేటప్పుడు కూడా నీ మాటలు నేను వినాల్నా?" అంది మునిలక్ష్మమ్మ. జనం పకపకా నవ్వారు. నాగవేణమ్మా నవ్వింది. నవ్వుతూనే కోడలి కొంగు పట్టుకుంది. వదల్లేదు.

అంతటితో ఊరుకుంటే బాలసుందరం గారు మామూలు ఆఫీసరయ్యేవారు. సిద్ధమైన ప్రతి ఇంటి తలుపు మీదా ప్రజల మాతృభాషలో ఒక బోర్డు ఉండాలని ఆయన సంకల్పించారు. 'ఈ ఇల్లు గాలికి సిద్ధము.' ఎంత చక్కని మాట! చిక్కల్లా ఏమిటంటే, ధర్మపురి అచ్చుకూటంలో తెలుగు అక్షరాలు లేవు. ఉన్నా ఓబనపల్లెలో చదివేవాళ్లు లేరు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదివేది తమిళమే. అందుకని తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో వేయించారు. తమిళంలో 'గ'కు వేరే అక్షరం లేదు. 'క' అక్షరమే రెండు ఉద్యోగాలూ చేస్తుంది.

శుక్రవారం తలుపులకు అట్టలు కొట్టారు. నాగవేణమ్మ తన తలుపు ముందు నిలబడి కూడబలుక్కుని చదివింది.

"ఈ... ఇల్లు... కాలికి... సిద్ధము."

నరసప్ప కూడా తన గుమ్మం దగ్గర అదే చదివి, తన కాళ్లవైపు చూసుకున్నాడు.

"కాలికి సిద్ధమంటే చెప్పులిస్తారు వదినా! కాళ్ల కొలత తీసుకునేదానికి ఎప్పుడొస్తారో!"

నాగవేణమ్మకు చెప్పులు తోచలేదు. ఆ సీమలో ఖాళీని కాలి అనే అంటారు. ఇల్లు కాలి చేయడం, బండి కాలిగా రావడం. పద్నాలుగేళ్ల కిందట కావేరి మీద ఆనకట్ట కట్టినప్పుడు ఆమె అక్క అంకాలమ్మ తలుపు మీద సరిగ్గా ఇంతే కాగితం అంటించారు. అంకాలమ్మ మూటతో బండెక్కింది. ఏ ఊరికక్కా అంటే, కాగితంలో రాసుందంట అంది. ఆ కాగితం తలుపుతో సహా నీళ్లలో ఉంది. అక్క ఏ ఊళ్లో ఉందో నాగవేణమ్మకు ఈనాటికీ తెలియదు.

ఆమె పరుగున పోయి ఆఫీసరు గారిని వీధిలో పట్టుకుంది.

"సామీ, నిజం చెప్పండి. కాలియేనా?"

తమిళ నోటికి మాట మొదట్లో 'గ' పలకడం కష్టం. పైగా బాలసుందరం గారు హుషారుగా ఉన్నారు.

"ఆమా, అవును, కాలి! పెద్ద కాలి!"

"ఎప్పుడు సామీ?"

"ఐప్పసి దాటక మునుపే. ఎవరును ఆపలేరు!"

"ఊరంతానా?"

"జిల్లా అంతయు! మీ ఇంటికి మాత్రము మొదట వచ్చును. తూర్పు వైపున ఉన్నది గదా." ఆమె ముఖం చూసి ఆయన ధైర్యం చెప్పారు. "మీరు భయపడకూడదమ్మా."

ఆ మాట గడియలో ఊరంతా పాకింది. నాగవేణమ్మ మాత్రం ఇంటికొచ్చి పనిలో పడింది. సర్కారు చెప్పిన పనులన్నీ తు.చ. తప్పకుండా చేసిన ఇంటిని సర్కారు ఎట్లా కాలి చేయిస్తుందని ఆమె ఆలోచన. పెంకుల మీదుగా ఓబప్ప చేత పదకొండు మోకులు వేయించి రాళ్లకు బిగించింది. రాగులు అటక ఎక్కించింది. పేలపిండి కొట్టించింది. బావి నోటికి తాటాకు తడిక కట్టించింది. పని ముగిసేసరికి ఆ ఇల్లు ఎక్కడికో పారిపోబోతుంటే పట్టి కట్టేసినట్టుగా ఉంది.

"అత్తా, ఊరంతా మూటలు కడతా ఉంటే మనం ఇంటిని కడతా ఉండామే!" అంది మునిలక్ష్మమ్మ.

"మూట కడితే పోవాల. ఇల్లు కడితే ఉండాల. లాగవే మోకు."

ఆ ఇంటిని చూసి బాలసుందరం గారికి కళ్లు చెమ్మగిల్లాయి. దాన్ని మాదిరి ఇల్లుగా ప్రకటించి మద్రాసుకు తంతి కొట్టారు. తంతి అందుకుని సోమవారం సాక్షాత్తూ మంత్రిగారే కారులో దిగారు.

మంత్రిగారికి పూలమాలలంటే గిట్టదు. అందుకని మూడే వేయించుకున్నారు. నాగవేణమ్మ గుమ్మం ముందు నిలబడి బోర్డు చదివారు. ఆయన తమిళులు. కాలి అంటే ఆయనకూ ఖాళీయే.

"కాలికి సిద్ధం! అంటే ఊరంతా ఖాళీ చేయించారా?" అన్నారు తమిళంలో, ఆశ్చర్యంగా.

బాలసుందరం గారు మొదటిసారి తన బోర్డును తానే చదివారు. ఆయన ముఖంలో ఎన్ని గాలులు వీచాయో చెప్పలేం. కానీ మంత్రి అన్న మాటను కాదన్న ఆఫీసరు ఆ రాష్ట్రంలో ఇంకా పుట్టలేదు.

"అవును సార్. నలభైమూడు ఇళ్లు. ఒక్క ప్రాణికి దెబ్బ తగలకుండా."

"భేష్! మరి ఈ జనమంతా ఎవరు?"

ఆఫీసరు గారు జనాన్ని చూశారు. జనం ఆయన్ను చూశారు.

"పక్క ఊరివాళ్లు సార్. తమ దర్శనానికి వచ్చారు."

మంత్రిగారు కరిగిపోయి నాగవేణమ్మ దగ్గరికి వచ్చారు. "ఇంత దూరం ఎందుకమ్మా శ్రమ పడి రావడం?"

నాగవేణమ్మ నిలబడి ఉన్నది తన గుమ్మం ముందే. సర్కారు మాట అబద్ధమని అనగల మనిషి కాదామె.

"దగ్గరే అయ్యా" అంది.

మంత్రిగారు ఇంటి చుట్టూ తిరిగారు. పదకొండు మోకులనూ ఒక్కొక్కటిగా లాగి చూశారు. తరువాత ఒక చరిత్రాత్మకమైన నిర్ణయం ప్రకటించారు.

"మన తుఫాను ఆఫీసు సముద్రం ఒడ్డున ఉండి చాలా అవస్థ పడుతోంది. తుఫాను వచ్చినప్పుడల్లా ఫైళ్లు తడిసిపోతున్నాయి. దాన్ని ఈ ఇంటికి మార్చేద్దాం. ఇక్కడికి తుఫాను రాదు గదా?"

"ఎన్నటికీ రాదు సార్."

"ఈ రోజే స్వాధీనం చేసుకోండి. బల్లలు లారీలో బయలుదేరాయి."

జనంలో చిన్న కదలిక పుట్టింది. నరసప్ప నోరు తెరిచాడు. ఆఫీసరు గారు చూడగానే, తాను పక్క ఊరివాడని గుర్తొచ్చి మూసుకున్నాడు. అంతలో నాగవేణమ్మ ఓబప్ప చెయ్యి ఒక చేత, కోడలి చెయ్యి ఒక చేత పట్టుకుని గుమ్మం ఎక్కింది.

"యాడికి అత్తా?"

"లోపలికి రావే."

తలుపు మూసుకుంది. గడియ పడింది. దాని వెనక రుబ్బురోలు జరిపిన చప్పుడు కూడా వినిపించింది.

మంత్రిగారు తలుపు నెట్టి చూశారు. రాలేదు. తట్టారు.

"ఇంట్లో ఎవురూ లేరయ్యా" అంది లోపలి నుంచి నాగవేణమ్మ, ఎంతో మర్యాదగా.

మంత్రిగారు ఆఫీసరు గారి వైపు తిరిగారు.

"ఖాళీ ఇల్లు గదా సార్, మాట మారుమోగుతుంది" అన్నారు బాలసుందరం గారు.

"నేనేమీ మాట్లాడలేదే?"

ఆఫీసరు గారు వినయంగా తల వంచారు. మంత్రిగారు మళ్లీ తట్టారు.

"ఆఫీసు పెట్టాలమ్మా, తలుపు తీయాలి."

"సర్కారు కాలి చేయించిన ఇల్లయ్యా ఇది. ఎట్లా తీసేది? గాలి వచ్చి పోయినాక రాండి."

మంత్రిగారు చేయి వెనక్కి తీసుకున్నారు. "ఇది రూలా?"

"రూలే సార్" అన్నారు బాలసుందరం గారు. అది రూలైన క్షణం అదే. "తుఫాను వచ్చి వెళ్లేదాకా ఖాళీ చేసిన ఇంటిని మనుషులెవరూ ఉపయోగించరాదు."

"తుఫాను ఎప్పుడు వస్తుంది?"

"ఎన్నటికీ రాదు సార్."

మంత్రిగారు ఒక మోకును మళ్లీ లాగి చూశారు. ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటును తాను ఏ జిల్లాలోనూ చూడలేదన్నారు. తనిఖీ పుస్తకం తెప్పించి అక్కడే తిన్నె మీద కూర్చున్నారు. లోపల పోపు వేసిన వాసన వచ్చింది. కోడలు ఏదో అంటే అత్త విసుక్కుంది, ఓబప్ప నవ్వాడు. బాలసుందరం గారు తల ఎత్తకుండా రాసి ఇచ్చారు. మంత్రిగారు ఒకసారి చదువుకుని, కింద సంతకం చేశారు.

'ఇంటి నంబరు పదిహేడు. స్వయముగా పరిశీలించితిమి. లోపల ఎవరును లేరు. లోపలివారు క్షేమము.'