రెండు బుష్‌లు, నలభై ఒక్క నిబంధనలు

మనిషి సుత్తిని కనిపెట్టి కొన్ని వేల ఏళ్ళయి ఉంటుంది. ఆ సుత్తిని పక్కింటివాడికి ఇవ్వకుండా ఉండడానికి తగిన కారణాన్ని, అదీ మూడు ప్రతుల్లో, కనిపెట్టింది మాత్రం నేనే. అందుకు నాకు రావలసిన పేరు ఇంకా రాలేదు. ఇక రాదని ఈమధ్యే తేలింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా కాలనీలో ఎనభై ఇళ్ళు. ఇంటికో నిచ్చెన, ఇంటికో డ్రిల్లింగ్ మిషను, ఇంటికో పానాల పెట్టె పెట్టుకుని తుప్పు పట్టించుకోవడం తెలివైనవాళ్ళ లక్షణం కాదని ఒక సర్వసభ్య సమావేశంలో నలభై నిమిషాలు మాట్లాడాను. (మొదటి పది నిమిషాల్లోనే అందరూ ఒప్పుకున్నారు. మిగతా ముప్పై నిమిషాలు విషయం మీద నాకున్న గౌరవం కొద్దీ మాట్లాడాను.) అలా గేటు పక్కన ఉమ్మడి పనిముట్ల గది వెలిసింది. గదికి నిబంధనల ఉపసంఘం, ఉపసంఘానికి కన్వీనరుగా నేను.

నేను పుట్టింది రైతు ఇంట్లో. మా ఊళ్ళో గడ్డపార కావలసినవాడు గోడ మీంచి చెయ్యి చాపి తీసుకుపోయేవాడు, పనయ్యాక అదే గోడ మీంచి లోపలికి విసిరేసేవాడు. నాలుగు అక్షరాలు చదువుకున్నవాడిగా ఆ అనాగరికతను నేను సహించలేకపోయాను. నలభై ఒక్క నిబంధనలు రాశాను.

వాటిని మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్ళు ఇద్దరే. రాసిన నేను, నమ్మిన పీటీ మాస్టారు. ముప్పై ఏళ్ళు స్కూల్లో పిల్లల్ని వరసల్లో నిలబెట్టి రిటైరైన ఆయన్ని గదికి బాధ్యుణ్ణి చేశాం. నా నిబంధనల పుస్తకానికి తన చేత్తో అట్ట వేసుకున్నాడు. ఆనాడు నాకు కళ్ళు చెమర్చాయి. ఈ మధ్య మళ్ళీ చెమర్చాయి గానీ కారణం వేరు.

గదికి మకుటంలాంటి వస్తువు కారు బుష్‌లు మార్చే కిట్టు. తెలియనివారి కోసం చెబుతాను. కారు చక్రాన్ని బండికి కలిపే ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది. ఆ చేతి చివర ఇనుప గాజు, గాజు నిండా రబ్బరు. దాన్నే బుష్ అంటారు. రోడ్డు కొట్టే ప్రతి దెబ్బనూ మన నడుముదాకా రానివ్వకుండా ముందు అది తింటుంది. తిని తిని ఒకనాడు చిరుగుతుంది. పాతదాన్ని ఊడదీయాలన్నా, కొత్తదాన్ని ఎక్కించాలన్నా బలంతోపాటు కొలత కావాలి.

ఫోన్లో ఎవరో ఒకాయన పదకొండు నిమిషాల్లో, సంగీతంతో సహా, ఆ పని చేస్తుంటే చూశాను. ఆ మర్నాడే కొనుగోలు ఉపసంఘం వేశాను. మూడు నెలలు అధ్యయనం చేశాం. సుత్తి అందరిళ్ళలోనూ ఉంది కాబట్టి దానికి ప్రత్యేకత లేదని కొట్టేశాం. బుష్‌లను ఒత్తి దింపే పెద్ద ప్రెస్సు మిషనును ఏకగ్రీవంగా ఆమోదించాం గానీ అది తలుపులో పట్టలేదు. (తలుపు కొలిచింది లారీ వచ్చాక.) చివరికి కిట్టు. ఎర్ర పెట్టె, లోపల నల్ల స్పంజి, స్పంజిలో గుంటలు, గుంటకో ఇనుప గిన్నె చొప్పున చిన్నా పెద్దా ఇరవై ఆరు గిన్నెలు, వాటి మధ్యనుంచి బిగించడానికి బారెడు మరల కడ్డీలు. ఒక గిన్నె బుష్‌ను నెడుతుంది, ఇంకొకటి అవతల నిలబడి పట్టుకుంటుంది. రెండేళ్ళుగా దాన్ని ఎవరూ వాడలేదు. వార్షిక నివేదిక అట్ట మీద బొమ్మ మాత్రం దానిదే.

ఇలా ఉండగా మా అక్కకు నడుము ఆపరేషనయింది.

సోమవారం డాక్టరు చెప్పాడు. "శుక్రవారం పదకొండింటికి పంపించేస్తాం. కుదుపులు మాత్రం తగలకూడదు. తగిలాయా, మళ్ళీ ఇదే మంచం."

ఆంబులెన్సు అనగానే అక్క మొహం గోడవైపు తిప్పేసుకుంది. "పడుకోబెట్టి మోసుకెళ్తే నేను రాను. తమ్ముడి కార్లో కూర్చుని వస్తా. కుదరదంటావా, ఇక్కడే ఉంటా. నువ్వే రోజూ వచ్చి చూసిపో."

సీటు బాగా వాల్చి తీసుకెళ్ళవచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు.

నా ఒకటో తరగతి వానాకాలం మొత్తం అక్క భుజం మీదే గడిచింది. మోకాలి లోతు వాగులో, పాచి పట్టిన రాళ్ళ మీద, నన్నూ నా పలకనూ బడికి దాటించేది. అవతల గట్టు మీద దించి చూసుకుంటే పలక మీద అక్షరం చెరిగి ఉండేది కాదు.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా ఆవిడ కూర తరుగుతూనే అంది. "మీ కారు గేటు దాటిందంటే ఇక్కడ వంటింట్లో నాకు తెలిసిపోతుంది. గూట్లో గిన్నెలన్నీ ఒక్కసారి కింద పడ్డట్టుంటుంది చప్పుడు. దాంట్లోనా వదినని తెచ్చేది?"

వీధి చివరి మెకానిక్‌ని అందరూ గ్రీజు బాబాయి అంటారు. ఆయన చక్రం పక్కన గడ్డపార పెట్టి ఒక్క ఎత్తు ఎత్తి వదిలాడు.

"రెండువైపులా బుష్‌లు పోయాయి సారూ. ఏ గుంతల్లో తిప్పుతున్నారేంటి?"

"గుంతలేం లేవు. ఆఫీసుదాకా రోడ్డు అద్దంలా ఉంటుంది."

"మరి ఇంటి దగ్గర?"

నేను వాతావరణం గురించి మాట్లాడాను. మా కాలనీ లోపలి రోడ్డు గేటు నుంచి మా ఇంటిదాకా నూట ఇరవై గజాలు. దాని మీద స్పీడ్ బ్రేకర్లు ఏడు. ఒకసారి ఎవరిదో బైకు నా వాకింగుకు భంగం కలిగించిందని, ఎనభై ఇళ్ళూ తిరిగి సంతకాలు సేకరించి వాటిని వేయించింది నేనే. రోజుకు రెండుసార్లంటే పద్నాలుగు. ఏడాదికి ఎన్నో లెక్క వేయలేదు. కొన్ని లెక్కలు వేయకపోవడమే ఆరోగ్యం.

"వదిలెళ్ళండి, పొద్దున్నే వేసిస్తా" అన్నాడు బాబాయి.

"అక్కర్లేదు. మాకు సొంత వ్యవస్థ ఉంది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత హుందాగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. కొత్త బుష్‌లు రెండు కొనుక్కుని ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి (గది నాలుగు నుంచి అయిదు వరకు, నిబంధన 3) పీటీ మాస్టారి ముందు నిలబడ్డాను. ఆయన లేచి నిలబడి నమస్కారం చేసి, కూర్చుని, పుస్తకం తెరిచాడు.

"పాత బుష్ తెచ్చారా సార్?"

"పాతది బండికే ఉంది. ఊడదీయడానికేగా కిట్టు."

"తొమ్మిది బి సార్. కిట్టు కోరువారు పాత బుష్‌ను ఊడదీసి పరిశీలనార్థం సమర్పించవలెను."

"కిట్టు లేకుండా ఎలా ఊడుతుంది మాస్టారూ?"

"నాక్కూడా అదే అనుమానం వచ్చింది సార్, చదివినప్పుడు. కానీ మీరు రాశారంటే ఏదో ఉండే ఉంటుందని ఊరుకున్నాను."

ఏదో ఉన్న మాట నిజమే. అంతకుముందు ఒకాయన డ్రిల్లింగ్ మిషను పట్టుకెళ్ళి, గోడకు ఒక్క బొక్కైనా పెట్టకుండా, వియ్యంకుడికి చూపించి తిరిగిచ్చాడు. అవసరం రుజువు కావాలని నేను ఆ కోపంలో రాసిన వాక్యం అది. పకడ్బందీగా ఉందని రాసిన రోజు రెండుసార్లు పైకి చదువుకున్నాను కూడా.

మినహాయింపు కోరుతూ కన్వీనరుకు అర్జీ పెట్టుకోవచ్చు. కన్వీనరు నేనే. తన అర్జీని తానే విచారించరాదని నిబంధన 30, అదీ నేనే. అలాంటప్పుడు ఉపకన్వీనరు విచారిస్తాడు. నిలబడ్డ ప్రతివాడి మీదా నేను అభ్యంతరం చెప్పినందువల్ల ఆ పదవి ఖాళీగా ఉంది.

"ఖాళీకే పెట్టుకోండి సార్. తీసుకోకూడదని లేదు" అన్నాడు మాస్టారు. ఖాళీకి మూడు ప్రతులు సమర్పించాను. ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. బుధవారందాకా ఖాళీ నుంచి జవాబు రాలేదు.

బుధవారం మాస్టారే నాకు ఫోను చేశాడు. రాత్రంతా పుస్తకం తిరగేశాడట. "సార్, పాత బుష్ అని ఉంది గానీ ఎవరి బుష్ అన్నది లేదు సార్."

ఆ మనిషిని నేను తక్కువ అంచనా వేశాను. గబగబా గ్రీజు బాబాయి దగ్గరికి వెళ్ళి, ఆయన చెత్తకుప్పలోంచి ఒక పాత బుష్ అడిగాను.

"ఏం చేసుకుంటారు సారూ?"

"చూపించాలి."

"ఎవరికి?"

"మాకే."

బాబాయి రెండు ఇచ్చాడు. "ఇంకోటి కూడా ఉంచండి. మళ్ళీ అడుగుతారేమో మీరే."

గురువారం సాయంత్రం ఆ బుష్‌ను మాస్టారు తిప్పి తిప్పి చూసి, 'చిరిగినది' అని నమోదు చేసి, ఎర్ర పెట్టెను నా చేతుల్లో పెట్టాడు. ఆ బరువుకు నా ఛాతీ విచ్చుకుంది. ఇంటి ముందు కారును జాకీతో లేపి, చక్రం తీసి, తుప్పు పట్టిన బోల్టులతో మూడు గంటలు కుస్తీ పట్టి ఇనుప చేతిని ఊడదీశాను. మా ఆవిడ టార్చి పట్టుకుంది. అప్పుడు పెట్టె తెరిచాను. ఇరవై అయిదు గుంటల్లో ఇరవై అయిదు గిన్నెలున్నాయి. పదకొండో గుంట ఖాళీ. పదో గిన్నె మా బుష్‌కు చిన్నది. పన్నెండోది పెద్దది.

"మొన్నటిదాకా చప్పుడు చేస్తూనైనా నడిచేది" అంది మా ఆవిడ, మూడు చక్రాల మీద నిలబడ్డ కారును చూస్తూ.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి మాస్టారిని ఇంట్లోంచి లేపుకొచ్చి గది తెరిపించాను. (వేళ కాని వేళలో ఇవ్వకూడదు గానీ వెతకకూడదని లేదట.) పదకొండో గిన్నె ఎక్కడికీ పోలేదు. రిజిస్టరు మీద కూర్చుని ఉంది. ఫ్యాను గాలికి పేజీలు ఎగురుతున్నాయని నిరుడు దాన్ని పెట్టారట.

"ఇవ్వండి మాస్టారూ. గంటలో తెచ్చేస్తాను."

ఆయన మొహం నిజంగానే వాడిపోయింది. "కిట్టులో ఉంటే ఇచ్చేవాణ్ణి సార్. ఇది ఇప్పుడు స్టేషనరీ. స్టేషనరీ గది దాటరాదు, ఇరవై మూడు. గదిలో మరమ్మతులు చేయరాదు, ఇరవై నాలుగు. కిట్టులోంచి స్టేషనరీకి మార్చిన కాగితం మీద సంతకం మీదే."

చూపించాడు. నాదే. కింద గీత కూడా గీశాను.

ఆ క్షణంలో గిన్నె లాక్కుని పరిగెత్తవచ్చు. కానీ మాస్టారికి అరవై అయిదేళ్ళున్నా నాకన్నా బాగా పరిగెత్తుతాడు. గేటు బయటికి వెళ్ళి గ్రీజు బాబాయికి ఫోను చేశాను. హుందాతనం గొంతులోకి ఎంత రమ్మన్నా రాలేదు.

బాబాయి స్కూటరు మీద వచ్చాడు. బయటి మెకానిక్కులు ఆవరణలో పని చేయరాదు (17) కాబట్టి గేటు దగ్గరే ఆగాడు. నేను వెనక్కి వెళ్ళి, రెండోవైపు చేతిని కూడా (రాత్రి నేర్చిన కుస్తీ పుణ్యమా అని ఈసారి అరగంటలోనే) ఊడదీసి, నాగలి భుజానేసుకున్నట్టు ఒక్కొక్కదాన్నే మోసుకొచ్చాను. ఎనభై ఇళ్ళవాళ్ళూ బాల్కనీల్లో పళ్ళు తోముకుంటూ చూశారు. ఏడు స్పీడ్ బ్రేకర్లనూ కాళ్ళతో దాటడం నాకు అదే మొదటిసారి.

బాబాయి సంచిలోంచి తీసినవి జానెడు ఇనుప పైపు ముక్క, పాత బేరింగు గాజు, పొడుగు బోల్టు, రెండు మందపాటి వాషర్లు. ముందు పాత బుష్ ఏ దిక్కుగా ఉందో సుద్దతో గీత గీసుకున్నాడు. పైపు ఒకవైపు, బేరింగు గాజు ఇంకోవైపు పెట్టి, మధ్యలో బోల్టు దూర్చి పానాతో తిప్పాడు. పాతది కూనిరాగం తీస్తూ బయటికొచ్చేసింది. సబ్బు నీళ్ళు రాసి కొత్తది ఎక్కించాడు. రెండూ కలిపి నలభై నిమిషాలు. ఆ పైపు ముక్కను ఎంచుకోవడానికి ఆయన ఏ ఉపసంఘం వేశాడో అడగలేదు.

"వినండి సారూ. బోల్టులు ముందు వదులుగా పెట్టండి. బండిని జాకీ మీంచి దించి, నాలుగు చక్రాలూ నేల మీద ఆనాకే చివరి బిగింపు. గాల్లో ఉండగా బిగించారా, నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి నెలకే చిరుగుతుంది."

ఆ మాటను నేను నిబంధనల పుస్తకంలో రాసుకోలేదు. (నలభై ఒక్కటీ ఎక్కడ కూర్చుని బిగించానో గుర్తొచ్చింది.)

బిగించడానికి పెద్ద పానా కావాలి. గదిలోది ఇవ్వాలంటే మళ్ళీ ఫారం. పీటీ మాస్టారు తన ఇంట్లోకి వెళ్ళి ఒక పానా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇది నా సొంతం సార్. దీనికి రూలు లేదు." అని, నాతోపాటు నేల మీద పడుకుని కారు కింద దూరాడు.

బాబాయి వెళ్తూ వెళ్తూ గేటు కమ్మీల్లోంచి లోపలి రోడ్డును చూసి, వేలు ఊపుకుంటూ లెక్క పెట్టాడు. ఏడు దగ్గర ఆగాడు. "మీ బుష్‌లు ఎక్కడ పోయాయో తెలిసింది సారూ. కొత్తవి వేసినంత మాత్రాన అవి కరగవు. ఎక్కాల్సిందే, దిగాల్సిందే."

పదకొండింటికల్లా ఆసుపత్రిలో ఉన్నాను. సీటు వాల్చి, నడుము వెనక దిండు పెట్టి అక్కను కూర్చోబెట్టాను. ఊరంతా దాటాం. కారు పల్లెత్తు మాటనలేదు. అక్క కళ్ళు మూసుకుని, "బాగుందిరా బండి. పడవలా పోతోంది" అంది. వాగూ పలకా ఆమెకూ గుర్తొచ్చాయేమో, నా భుజం మీద చెయ్యి వేసింది.

గేటు దాటాం. మొదటి స్పీడ్ బ్రేకరు ఎద్దు నడకకన్నా నెమ్మదిగా ఎక్కించాను. భుజం మీద చెయ్యి బిగుసుకుంది. రెండోదానికి ఆమె కింది పెదవి పళ్ళ మధ్యకు పోయింది. మూడోది దిగాక, చాలాసేపటికి ఊపిరి వదిలింది.

"ఎవడ్రా వీటిని వేయించింది?"

"కమిటీ అక్కా."

"ఆ కమిటీని ఒక్కసారి నా దగ్గరికి తీసుకురా."

కమిటీ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో ఆమె నడుము వెనక దిండు సర్దింది. ముందు ఇంకా నాలుగున్నాయి.